సోమలింగం

పునాది గుంతలో ఎర్రమట్టి ఇంకా ఆరలేదు.
రేకుల షెడ్డులో మొదటి మీటింగు.
స్టీలు ధర, ఇసుక లారీలు, భూమిపూజ ఫొటోలు
అన్నీ అయినాక నేను ఒక్కటే అడిగినాను:
"పైపులు పరీక్ష చేసేనాడు
నీళ్లు యాడినుంచి తెస్తాం?"

కాంట్రాక్టరు చెన్నకేశవులు
టీ గ్లాసు పక్కన పెట్టి మరీ నవ్వినాడు:
"ఆలు లేదు, చూలు లేదు,
కొడుకు పేరు సోమలింగమా, మేడమ్?"
ఆ పొద్దునుంచి సైటులో నా పేరు సోమలింగం మేడమ్.

నవ్వితే నవ్వనీ.
ఇది అనంతపురం.
ఇక్కడ ఎండాకాలం బోరు నీళ్లు పోయదు, దగ్గుతుంది.
నాలుగంతస్తుల కాన్పుల ఆసుపత్రి గొట్టాలన్నీ
కడిగి, నింపి, ప్రెషరు పెట్టి
ఒక రాత్రంతా కదలకుండా నిలబెట్టాలంటే
ముప్పై వేల లీటర్లు.
కార్తీకంలో ట్యాంకరువాడు ఫోనెత్తుతాడు.
మే నెలలో వాడే దొర.

అందుకే క్యాలెండరు తిరగేసి
చివరనుంచి మొదటికి నడిచినాను.
మొదటి బిడ్డ ఏడ్చే రోజు, అక్కణ్ణుంచి వెనక్కి.
ఏడుపుకు ముందు ఆపరేషన్ థియేటరు గాలి కొలవాలి,
గాలి కొలవాలంటే తలుపులు బిగించి ఉండాలి, మోటార్లు తిరగాలి,
మోటార్లకు ముందు కరెంటు, కరెంటుకు ముందు ట్రాన్స్‌ఫార్మరు,
దానికి ముందు దరఖాస్తు,
దరఖాస్తుకు ముందు
సంతకం పెట్టే ఆయన సెలవులో లేని ఒక మంగళవారం.
లెక్క తేలేసరికి
ఆ మంగళవారం పోయిన వారమే.

మొదటి అంతస్తు గొట్టాల్లో నింపిన నీళ్లు
మురిక్కాలవకు పోనీలేదు.
రెండో స్లాబు మీదికి తోడించి తడిపినాం.
ఒకే నీళ్లు, రెండు పనులు.
రెంటినీ ఒకే వారంలో కలపడానికి
చెన్నకేశవులుతో ఆరు నెలల ముందే మొదలైంది నా పోట్లాట.

ఫిట్టరు వన్నూరప్ప తెల్లారి గేజు చూసి వచ్చినాడు.
"పది కేజీలు పెట్టింటిమి మేడమ్,
తొమ్మిదిన్నర ఉండాది."
అర కేజీ యాడ పాయె?
గోడ ఇంకా మూయలేదు.
ఒక్కో అతుకునూ వేళ్లతో తడిమినాడు,
పసిబిడ్డకు జ్వరం చూసినట్టు.
ప్లాస్టరింగు మేస్త్రి దస్తగిరి తాపీ పట్టుకుని
పొద్దుటినుంచి గొణుగుతానే ఉన్నాడు,
పని ఆగిందని, కూలి పోయిందని.
మూడో బెండు కింద
ఒక చెమట చుక్క.
గొణుగుడు నిలిచిపోయింది.
"ఇది టైల్సు వెనక ఉండింటే?"
ఎవరమూ జవాబు చెప్పలేదు.

అన్నీ తలిచినానని కాదు.
మూడో అంతస్తు వాల్వు కింద
చెయ్యి దూరేంత తలుపు గీయడం మరిచిపోయినాను.
కొత్త సీలింగు, సున్నం వాసన కూడా పోలేదు,
నా కళ్ల ముందరే రంపం పెట్టించినాను.
చెన్నకేశవులు ఆ పొద్దు నవ్వలేదు.
బిల్లు చూపించినాడు.

ఆఖరి రాత్రి, చీకటి పరీక్ష.
వార్డులో ఖాళీ ఉయ్యాలలు వరసగా.
"మెయిన్ తీసేయ్" అన్నాను.
టప్పుమని ఊరంత చీకటి.
ఎవరి ఊపిరి వాళ్లకే వినబడుతోంది.
నా చేతిలో గడియారం ముల్లు ఒక్కటే మెరుస్తా ఉంది.
కింద యాడో జెనరేటరు ఒకసారి గొంతు సవరించుకుంది,
ఇంకోసారి,
దీపాలు.

"పలికినాడు మేడమ్, మీ సోమలింగం!"
చెన్నకేశవులు చప్పట్లు కొట్టినాడు,
వన్నూరప్ప కళ్లు తుడుచుకున్నాడు, దుమ్మంట.

నేను కాగితం మీద రాసుకున్నాను:
పదకొండు సెకన్లు.
ఉండాల్సింది పది.

"ఇంకోసారి తీయండి" అన్నాను.